ఒకే మనిషి, నాలుగు తోడులు: సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక కేస్ స్టడీ

“ఆ ముసుగు గాజుతో చేశారు నాన్నా, అందుకే లోపల ముఖం కనిపిస్తోంది” అని ఆయన తొమ్మిదేళ్ల కొడుకుతో అన్నారు. అనేసి, ఒక్క క్షణం నా వైపు చూశారు.

‘వీల్డ్ రెబెక్కా’ (ముసుగు వేసుకున్న రెబెక్కా) శిల్పంలోని ముసుగు గాజుది కాదు. ముఖమూ ముసుగూ ఒకే పాలరాయి. ఇటలీ శిల్పి జొవాన్ని మారియా బెంజోని చేతిలో తయారైన ఈ బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. పక్కనున్న వివరాల పలక చదివితే తెలిసిపోయే సంగతే. కానీ ఆయనకు ఆ తీరిక లేదు. ఇద్దరు పిల్లలు చెరో చెయ్యి పట్టి లాగుతున్నారు, ప్రశ్న వచ్చిపడింది, తండ్రి అన్నాక జవాబు ఉండాలి. ఉంది.

బడిపిల్లలనూ టీచర్లనూ కాలనీ సంఘాల వాళ్లనూ మ్యూజియాలకు తీసుకెళ్లి చూపించడం నా వృత్తి. పదిహేనేళ్లుగా ఇదే పని. ఒక వస్తువు ముందు పిల్లలు ఏం చేస్తారో, ఎక్కడ ఆగుతారో, ఎప్పుడు ఆకలంటారో నా నోటుపుస్తకాల నిండా రాసుకున్నాను. పెద్దవాళ్ల గురించి మాత్రం ఒక్క పేజీ లేదు. పెద్దవాళ్లలో ఆసక్తి ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని రెండు రకాలుంటారని, మొదటి పది నిమిషాల్లో ఎవరు ఏ రకమో పట్టేయగలనని అనుకునేదాన్ని. ఆ అంచనా ఎంత తప్పో ఈ ఒక్క మనిషి వల్ల తెలిసింది. అందుకే ఇది ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆయన మా అపార్ట్‌మెంట్‌లోనే ఉంటారు. బ్యాంకు ఉద్యోగి, నలభై అయిదు దాటిన వయసు, సొంతూరు నల్గొండ జిల్లాలో. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. దసరా సెలవుల నుంచి తర్వాతి వేసవి దాకా ఆయన నాతో నాలుగుసార్లు సాలార్‌జంగ్‌కు వచ్చారు, ప్రతిసారీ వేరే తోడుతో. మొదటి రెండుసార్లూ అనుకోకుండా జరిగినవే. రెండోసారి అయ్యాక, మీరు మ్యూజియంలో ఎలా ఉంటారో రాసుకోవచ్చా అని అడిగాను. “నేనా? నాలో ఏముంది మేడం రాయడానికి?” అన్నారు, కానీ ఒప్పుకున్నారు. అప్పటి నుంచి నాలుగు చోట్ల తప్పనిసరిగా ఆగేలా చూశాను: రెబెక్కా, ముందు మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం, వెనక మార్గరెట్టా అనే అమ్మాయి ఉన్న జంట కొయ్యబొమ్మ, గంటల గడియారం, వెండి పొదిగిన నల్లటి బిద్రీ సామాన్ల గది. మిగతాదంతా వాళ్లిష్టం.

మొదటిసారి పిల్లలతో వచ్చారు. కూతురికి పన్నెండు, కొడుక్కి తొమ్మిది. భార్యకు ఆ రోజు ఆఫీసు ఉంది.

ఆ రోజు ఆయన చూసింది చాలా తక్కువ. ఈ మాట తప్పు పట్టడానికి అనడం లేదు, అలా జరగడానికి కారణం ఉంది. పిల్లలతో ఉన్న పెద్దమనిషి మ్యూజియంలోకి అడుగుపెట్టగానే ఉద్యోగంలో చేరిపోతాడు. తల లెక్కపెట్టుకోవాలి, నీళ్ల సీసా మోయాలి, “అద్దం ముట్టుకోవద్దు” అనాలి, వీటన్నిటి మధ్య పాఠం చెప్పాలి. ఆయన కన్ను వస్తువు మీద వాలేది పిల్లలు దాని మీద వేలు పెట్టి చూపించాకే. పలక చదివారు, కానీ తన కోసం కాదు. మొదటి వాక్యం చదివి దాన్నే కాస్త మార్చి తన మాటగా పిల్లలకు చెప్పేవారు. పలకలో లేనిది అడిగితే గాజు ముసుగు లాంటిది కల్పించేవారు. ఒక్కసారైనా “నాకు తెలీదు” అన్న మాట ఆయన నోట రాలేదు. చెప్పిన ప్రతిసారీ నా ముఖం చూశారు. నేను పక్కన లేకపోతే అంత కల్పించేవారు కాదేమో, లేదా ఇంకా ఎక్కువ కల్పించేవారేమో. మనతో వచ్చినవాళ్లకు మనమూ ఒక తోడే. మా వృత్తిలో ఉన్నవాళ్లం దీన్ని లెక్కలోకి తీసుకోము.

గాజు అన్నప్పుడు నేను వెంటనే దిద్దలేదు. పిల్లల ముందు తండ్రి మాట కొట్టేస్తే ఆయన ఇక నోరు విప్పరు. “దగ్గరికెళ్లి భుజం దగ్గర ముసుగు అంచు ఎక్కడ మొదలైందో వెతుకుదామా?” అన్నాను. అతుకు ఎక్కడా కనిపించలేదు. కూతురే మెల్లగా, “ఇదంతా ఒకటే రాయి డాడీ” అంది. ఆయన చాలాసేపు రాయినే చూస్తూ నిలబడ్డారు. ఆ రోజు ఆయన తన కోసం చూసిన వస్తువు అదొక్కటే.

గడియారం దగ్గర జరిగినది ఇంకా ముఖ్యం. ఆ గడియారం గురించి తెలియని హైదరాబాదీ ఉండరు. ఒక పక్క కమ్మరి బొమ్మ సెకనుకొకసారి సుత్తితో కొడుతూనే ఉంటుంది. గంట కావడానికి కాస్త ముందు చిన్న తలుపు తెరుచుకుని ఒక మనిషి బొమ్మ బయటికొస్తుంది, ఎంత టైమైతే అన్ని గంటలు కొట్టి మళ్లీ లోపలికి పోతుంది. బొమ్మ వెళ్లిపోయాక కొడుకు ఏమీ అడగలేదు, చిప్స్ ప్యాకెట్ వైపు చూస్తున్నాడు. అయినా ఆయన వాడి భుజం మీద చెయ్యేసి స్ప్రింగు, పళ్ల చక్రాలు, లోపల ఏది దేన్ని తిప్పుతుందో చక్కగా వివరించారు. అంతలో కూతురు, “మరి గంట కొట్టేశాక ఆగిపోవాలని దానికెలా తెలుస్తుంది?” అని అడిగింది. ఆ రోజు అడిగిన ప్రశ్నలన్నిట్లోకీ మంచి ప్రశ్న అదే. ఆయన నవ్వి, “భలే ఉంది కదమ్మా!” అన్నారు. అంతే.

అమెరికాలో కెవిన్ క్రౌలీ బృందం శాన్ హోసేలోని పిల్లల మ్యూజియంలో తల్లిదండ్రుల మాటలు రికార్డు చేసి 2001లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. ఆడపిల్లలకన్నా మగపిల్లలకు తల్లిదండ్రులు సైన్సు వివరించడం మూడు రెట్లు ఎక్కువని తేలింది. పిల్లలు అడిగారా లేదా అన్నదానితో పెద్దగా సంబంధం లేదు. నేను దాన్ని ఎప్పుడో చదివి, అది అక్కడి సంగతి అనుకుని పక్కన పెట్టేశాను. అఫ్జల్‌గంజ్ వైపు తిరిగి వెళ్తుండగా కారులో ఆయనకు ఈ విషయం చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వెనక సీట్లో ఉన్న కూతురితో, “ఆ బొమ్మ ప్రశ్నకు ఇంటికెళ్లాక ఇద్దరం కలిసి వీడియో వెతుకుదాం” అన్నారు.

రెండోసారి వచ్చింది శిక్షణకు వేరే ఊళ్ల నుంచి వచ్చిన సహోద్యోగులతో. ఆయనతో కలిసి ఆరుగురు, అందరూ మగవాళ్లే. ఆదివారం. “హైదరాబాద్ వచ్చి సాలార్‌జంగ్ చూడకుండా ఎలా?” అని వాళ్లే అడిగారట. నన్ను రమ్మన్నారు కానీ, వెళ్లిన అరగంటకే నేను అక్కడ ఎవరికీ అక్కర్లేని మనిషినని అర్థమైంది.

ఇదే మనిషి నెల కిందట పలకల్లోని మొదటి వాక్యాలు పిల్లలకు చదివి చెప్పారు. ఈసారి ఒక్కటీ చదవలేదు. రెబెక్కా ముందు ఆరుగురూ వరసగా నిలబడి ఫోటో దిగారు, వీపు బొమ్మ వైపు పెట్టి. మాటలు బదిలీల మీద, నార్సింగి వైపు ఫ్లాట్ల ధరల మీద. వాళ్లలో ఒకాయన కొయ్యబొమ్మ పలక ముందు వంగి చదవబోతే పక్కవాడు “ఏందన్నా, రేపు పరీక్షా?” అన్నాడు. ఆయన వెంటనే నిటారుగా అయిపోయారు. ఆ తర్వాత ఎవరూ వంగలేదు.

ఆయుధాల గది దగ్గర మాత్రం అందరూ ఆగారు. కత్తి ఎంత బరువుంటుంది, ఒక చేత్తో తిప్పగలరా, ఏనుగు మీద నుంచి ఎలా కొడతారు అని ఒకరినొకరు దాటేస్తూ మాట్లాడుకున్నారు. అక్కడ నేను నోరెత్తలేదు, ఎత్తాల్సిన అవసరమూ రాలేదు. స్నేహితుల గుంపుకు వస్తువు కావాల్సింది పందెం వేసుకోవడానికి, వాదించుకోవడానికి, ఒకణ్ని ఆటపట్టించడానికి. అందుకు పనికొచ్చే వస్తువు ముందు వాళ్లు ఎంతసేపైనా ఉంటారు. మౌనంగా చూడమని అడిగే వస్తువును దాటి వెళ్లిపోతారు.

కానీ ఆ రోజు గురించి నేను ఎక్కువగా తలుచుకునేది వేరే సంగతి. అందరూ క్యాంటీన్‌లో కూర్చున్నారు. ఇందాక పలక ముందు వంగిన పెద్దమనిషి ఫోన్ పైన మర్చిపోయానంటూ లేచారు. ఫోన్ ఆయన చొక్కా జేబులోనే కనిపిస్తోంది. కాసేపయ్యాక నేనూ వెళ్లాను. జంట బొమ్మ ముందు చేతులు వెనక్కి కట్టుకుని ఒంటరిగా నిలబడి ఉన్నారు. సికమోర్ కొయ్య మొద్దు ఒక్కటే, 19వ శతాబ్దపు ఫ్రెంచి పని. ముందు నుంచి చూస్తే తలెత్తుకుని నిలబడ్డ దయ్యం, వెనకున్న అద్దంలో తల వంచుకుని ప్రార్థన పుస్తకం పట్టుకున్న అమ్మాయి. జర్మన్ కవి గోథే రాసిన ఫౌస్ట్ కథలోని ఇద్దరు. ఆయన ఒకసారి బొమ్మను, ఒకసారి అద్దాన్ని చూస్తున్నారు. నన్ను చూసి, దొరికిపోయినవాడిలా నవ్వారు. “వాళ్లతో ఉంటే కుదరదు మేడం” అన్నారు. అంతకు అరగంట ముందే నేను మనసులో ఆయన్ను ‘ఆసక్తి లేని రకం’లో వేసేశాను.

ఆ రాత్రే పాత కాగితాలు తీశాను. మ్యూజియానికి వచ్చేవాళ్లను గమనించడం కొత్తేమీ కాదు. బోస్టన్ లలితకళల మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ 1916లోనే, వస్తువు చూడటానికి మనిషి ఎంత వంగాలో, మెడ ఎంత సాచాలో ఫోటోలు తీయించి ‘మ్యూజియం అలసట’ గురించి రాశాడు. ఆ ఫోటోల్లో ఉన్నది ఒకే ఒక్క మగమనిషి. పక్కన పిల్ల లేదు, తల్లి లేదు, స్నేహితుడు లేడు. 1920లలో ఎడ్వర్డ్ రాబిన్సన్, ఆ తర్వాత ఆర్థర్ మెల్టన్ సందర్శకుల వెంట గడియారం పట్టుకుని నడిచారు. ఎక్కడ ఆగారు, ఎన్ని సెకన్లు, గదిలోకి రాగానే ఎటు తిరిగారు అని లెక్క కట్టారు. ఎవరితో వచ్చారన్నది మాత్రం చాలాకాలం పెద్ద ప్రశ్న కాలేదు.

దాన్ని ప్రశ్న చేసినవారిలో పరిశోధకురాలు పాలెట్ మెక్‌మానస్ ముఖ్యురాలు. 1980లలో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో సందర్శకుల మాటలు వింటూ, నడకలు చూస్తూ వాళ్లను నాలుగు గుంపులుగా విడదీశారు: పిల్లలున్న గుంపులు, ఒంటరివాళ్లు, జంటలు, పెద్దవాళ్ల స్నేహబృందాలు. పిల్లలున్నచోట మాట ఎక్కువ, ఆట ఎక్కువ. ఒంటరివాళ్లు ఎక్కువసేపు ఆగరు కానీ శ్రద్ధగా చదువుతారు. జంటలు చదువుతారు, నిదానంగా ఉంటారు, మాట తక్కువ. పెద్దవాళ్ల బృందాలు ప్రదర్శన మీద పెట్టే దృష్టి అందరికన్నా తక్కువ. ఆమె చెప్పిన ఇంకో మాట నాకు ఇంకా నచ్చింది. సందర్శకులు పలకలోని పదాలను తమ సంభాషణలో ప్రతిధ్వనిలా తిరిగి పలుకుతారట, పలక రాసినవాడు కూడా ఆ మాటల్లో ఒకడైనట్టు. తండ్రి పలకలోని మొదటి వాక్యాన్ని తన మాటగా మార్చి చెప్పడం నేను చూసింది అదే.

కానీ మెక్‌మానస్ చూసినవాళ్లు వేర్వేరు మనుషులు. నా ముందున్నది ఒకే మనిషి. ఆయన ఒక గుంపులోంచి ఇంకో గుంపులోకి వెళ్తే ఏమవుతుందో చూసే వీలు నాకు దొరికింది. ఆయన అనుమతి అడిగింది అందుకే.

సంక్రాంతి వెళ్లాక ఒక గురువారం భార్యతో వచ్చారు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, శని ఆదివారాలు రద్దీ, అందుకని ఇద్దరూ సెలవు పెట్టుకున్నారు.

ఈసారి ఆయన నాకు కొత్త మనిషిలా కనిపించారు. మాట్లాడలేదు. ఇద్దరూ రెండు మూడు అడుగుల ఎడంతో నడిచారు. ఆమె ఒక పలక చదువుతుంటే ఆయన తర్వాతి వస్తువు దగ్గరికి వెళ్లేవారు, ఆమె అక్కడికి వచ్చేసరికి ఆయన ఇంకోదాని దగ్గర. మధ్యలో “ఇది చూశావా?”, “ఊఁ”. బయటి నుంచి చూసినవాళ్లకు వీళ్లు గొడవపడి వచ్చారేమో అనిపిస్తుంది. నిజానికి నాలుగు రాకల్లో పలకలు చివరిదాకా చదివింది ఈసారే. వస్తువుల ముందు ఎక్కువసేపు నిలిచిందీ ఈసారే.

రెబెక్కా దగ్గర ఆమె, “ఈ అమ్మాయి అతన్ని చూశాక ముసుగేసుకుందా, చూడకుండానా?” అని అడిగారు. బైబిల్ కథ చెప్పాను: ఒంటె మీద వస్తూ రెబెక్కా దూరాన ఒకతన్ని చూస్తుంది. అతనెవరని సేవకుణ్ని అడుగుతుంది. పెళ్లాడబోయే ఇస్సాకు అతనేనని తెలిశాక ముసుగు తీసి కప్పుకుంటుంది. “అంటే ముందు చూసేసింది” అని ఆమె భర్త వైపు తిరిగారు. “నువ్వూ అంతే. కిటికీలోంచి” అన్నారాయన. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను రెండడుగులు వెనక్కి జరిగాను. అక్కడ నా పని అయిపోయింది.

బట్టల గదిలో పాత్రలు మారాయి. ఆమె అంచుల గురించీ నేత గురించీ అద్దకం గురించీ నాకన్నా బాగా మాట్లాడారు. ఆయన ఆమె హ్యాండ్‌బ్యాగు, నీళ్ల సీసా, చున్నీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. అప్పుడే ఒక విషయం గమనించాను. ఇది ఏ పరిశోధనలోనూ చదవలేదు, కళ్లతో చూసి చెబుతున్నాను: ఎవరి చేతిలో సామాన్లుంటే వాళ్లు వస్తువులు చూడరు. సామాన్లు మోసేవాళ్లు తోడొచ్చినవాళ్లుగా మిగిలిపోతారు, చూసేవాళ్లు చేతులు ఖాళీగా ఉన్నవాళ్లే. మా మ్యూజియం నడకల్లో ఆడవాళ్లు ఎందుకు తక్కువ ప్రశ్నలడుగుతారని ఏళ్ల తరబడి ఆలోచించాను. పిల్లల స్కూలు బ్యాగు, స్వెటరు, బిస్కెట్ ప్యాకెట్ వాళ్ల చేతుల్లోనే ఉంటాయన్నది కళ్లెదుటే ఉన్నా పట్టించుకోలేదు.

నాలుగోసారి వేసవిలో, ఊరి నుంచి వచ్చిన తల్లితో. డెబ్భై నాలుగేళ్లు. కళ్లు బాగున్నాయి, మోకాళ్లే బాగాలేవు. బడి చదువు లేదు. తెలుగు పలకైనా ఇంగ్లీషు పలకైనా ఆమెకు ఒకటే.

ఆయన వచ్చేటప్పుడే ఒక నిర్ణయంతో వచ్చారు: అమ్మకు గడియారం చూపించి, ఫోటో తీసి, కూర్చోబెట్టి తీసుకెళ్లిపోవాలని. “పాపం ఆమెకేం తెలుస్తుంది మేడం, అలా తిప్పుదాం” అన్నారు. రెబెక్కా ముందు ఆగాం. ఆయన వివరించబోయేలోపే ఆమె, “పెండ్లిపిల్ల గదా. తల వంచుకున్నది సూడు” అన్నారు. ఆయన నా వైపు చూశారు, మొదటి రోజు చూసినట్టే, ఈసారి వేరే కారణంతో.

తర్వాత బిద్రీ సామాన్ల గది. జస్తులో (జింక్) కాస్త రాగి కలిపి పోత పోస్తారు, చెక్కిన గాడుల్లో వెండి పొదుగుతారు, చివర బీదర్ కోట మట్టి కలిపిన ముద్దతో రుద్దుతారు. లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే మిగులుతుంది. ఇదంతా నేను ప్రతి గుంపుకూ చెప్పే పాఠం. మొదలుపెట్టానో లేదో, ఆమె ఒక పాన్‌దాన్ (తాంబూలం పెట్టె) ముందు ఆగిపోయారు. అద్దానికి ముక్కు తగిలేంత దగ్గరగా వంగారు.

“ఇది ఈడికెట్లొచ్చింది? దొరసాని పాన్‌దాన్ గిట్లనే ఉండె.”

ఏ దొరసాని అని ఆయన అడిగారు. ఊళ్లో దొరల బంగళా, గడి, ఉండేదని, చిన్నప్పుడు వాళ్ల అమ్మ ఆ గడిలో పనికి వెళ్లేదని, తనూ వెంట పోయేదాన్నని ఆమె చెప్పారు. “మా అమ్మ తుడిసేది. సింతపండు పెట్టి తోమొద్దు బిడ్డా, నలుపు పోతది. నూనె బట్టతోటే తుడువాలె. ఒకపారి తోమితే దొరసాని మస్తు తిట్టింది.”

ఆయనకు ఇది తెలియదు. అమ్మమ్మ గడిలో పనిచేసిందన్న సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. పిల్లలు చదువుకుని ఉద్యోగాలు తెచ్చుకున్న ఇంట్లో అలాంటి మాటలు ఎందుకు అడుగున పడిపోతాయో మన ప్రాంతంవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఆయన అడగడం మొదలుపెట్టారు. లోపల అరలు ఎన్ని ఉండేవి, సున్నం ఎక్కడ, కాచు ఎక్కడ, తాళం ఉండేదా, మీకు ఆకు ఇచ్చేవారా. “మనకెవలిస్తరు?” అన్నారామె. కొడుకు ముందు మాస్టారైన మనిషి తల్లి ముందు శిష్యుడై వరసగా ప్రశ్నలడిగారు. నాలుగు రాకల్లో ఆయన నోట నిజమైన ప్రశ్నలు వచ్చింది ఆ గదిలోనే. నా బిద్రీ పాఠం సగంలోనే ఆగిపోయింది. దాని శుభ్రం గురించి ఆ గదిలో నాకు తెలియనిది ఆమెకు తెలుసు.

గడియారం దగ్గరికి పన్నెండుకు కాస్త ముందు చేరాం. ఆ చోటు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అక్కడ మాత్రం నా లెక్క పనిచేయదు. పిల్లలతో, స్నేహితులతో, భార్యతో, తల్లితో నాలుగుసార్లూ ఆయన అక్కడ ఒకేలా ఉన్నారు. అందరూ అంతే. ఎవరు ఎవరితో వచ్చారో ఆ కాసేపు చెరిగిపోతుంది. ముందు వరసలో ఉన్నవాళ్లు వెనకవాళ్ల కోసం వంగుతారు, ముక్కూమొహం తెలియని పిల్లాణ్ని ఎవరో భుజాల మీద ఎక్కించుకుంటారు, తలుపు తెరుచుకోగానే అందరూ గుసగుసగా ఒకటి, రెండు అని లెక్కపెడతారు. ఆ రోజు పన్నెండూ తెలుగులో, ఉర్దూలో, హిందీలో, తమిళంలో వినిపించాయి. బొమ్మ లోపలికి పోగానే గుంపు విడిపోయి ఎవరి తోడులో వాళ్లు పడతారు. ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలిసిన వస్తువు కావడం వల్ల ఇలా జరుగుతుందని నా అనుమానం. అక్కడ ఎవరూ ఎవరికీ వివరించాల్సిన పని లేదు, అందరూ ఎదురుచూడటమే.

దీన్నుంచి నా పనిలో మార్చుకున్నవి కొన్ని ఉన్నాయి. గేటు దగ్గర “మీకు దేని మీద ఆసక్తి?” అని అడగడం మానేశాను. “ఎవరితో వచ్చారు? వాళ్లతో ఇంతకుముందు ఎప్పుడైనా ఇలాంటి చోటికి వచ్చారా?” అని అడుగుతున్నాను. బ్యాగులన్నీ ముందే భద్రపరిచే గదిలో పెట్టిస్తాను. నీళ్ల సీసాలు నేనే మోస్తాను. ఈ చిన్న పని వల్ల తల్లుల నుంచి వచ్చే ప్రశ్నలు నాకు తెలిసేంతగా పెరిగాయి.

పిల్లలున్న కుటుంబాలను జంట బొమ్మ దగ్గర ఒక ఆట ఆడిస్తాను. పెద్దవాళ్లు బొమ్మను మాత్రమే చూడాలి, పిల్లలు అద్దాన్ని మాత్రమే. తర్వాత ఎవరికి ఏం కనిపించిందో ఎదుటివాళ్లకు చెప్పాలి. తండ్రికి సగమే తెలుసు, మిగతా సగం కూతురి దగ్గర ఉంది. ఆయన అడగక తప్పదు. “నాకు కనిపించలేదు, నువ్వు చెప్పు” అని పిల్లలతో అనడానికి పెద్దవాళ్లకు ఒక సాకు కావాలి, ఆ ఆట ఆ సాకు ఇస్తుంది. పెద్దవయసు వాళ్లు ఉంటే రెబెక్కాతో మొదలుపెట్టను, వంటింటి సామాను, పాన్‌దాన్లు, హుక్కాలు, బట్టలతో మొదలుపెడతాను. అక్కడ వాళ్లే గైడ్లు. మగ స్నేహితుల గుంపులకు ఆయుధాల గది చూపించి వదిలేస్తాను. కానీ వెళ్లే ముందు, మధ్యలో ఒక పావుగంట ఎవరిష్టం వాళ్లది, మళ్లీ గడియారం దగ్గర కలుద్దాం అంటాను. ఆ పావుగంటలో ఒంటరిగా ఎవరు ఎటు పోతారో చూడటం నాకిష్టం. ‘పరీక్షా?’ అనే మాటకు భయపడ్డవాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు.

అదే పావుగంట జంటల దగ్గర పూర్తిగా బెడిసికొట్టింది. వేరువేరుగా చూసి, నచ్చిన ఒక్క వస్తువు ఎదుటివాళ్లకు చూపించండి అని రెండు మూడు జంటలతో ప్రయత్నించాను. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి: “ఎక్కడున్నావ్?” ఒకామె నాతో సూటిగానే, “వేరుగా చూడ్డానికైతే కలిసి రావడమెందుకండీ?” అన్నారు. ఆమె అన్నది నిజం. మాట్లాడకుండా పక్కపక్కన చూడటమే ఆ జంటకు కావాల్సింది. దాన్ని నేను లోటుగా పొరబడి నింపబోయాను. ఇప్పుడు జంటలను వాళ్ల మానాన వదిలేస్తున్నాను, అడిగితేనే కథ చెబుతాను.

ఈ కేసుకు హద్దులున్నాయి. మూడోసారికి ఆయనకు రెబెక్కా తెలిసిన బొమ్మే, కాబట్టి భార్యతో నిదానంగా చూడటంలో ఆ పరిచయానికీ వాటా ఉంది. నేను రాసుకుంటున్నానని ఆయనకు తెలుసు. తల్లికి ఆ పాన్‌దాన్ కనిపించడం నా పథకంలో లేదు, అది లేకపోతే నాలుగో రాక చప్పగా ముగిసేదేమో. ఇంకో మనిషితో, ఇంకో కుటుంబంతో ఇవన్నీ తలకిందులు కావచ్చు. అందుకే ఈ ఏడాది ఇంకో ఇద్దరితో ఇదే పద్ధతిలో మొదలుపెట్టాను. వాళ్లలో ఒకరు మహిళ. బ్యాగు ఎవరి చేతిలో ఉందన్నది ఈసారి మొదటి రోజు నుంచే రాస్తున్నాను.

ఒంటరిగా వస్తే ఆయన ఎలా ఉంటారో నేను చూడలేదు. నేను వెంట ఉంటే అది ఒంటరితనం కాదు. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్ కళా మ్యూజియంలో 2009లో మార్టిన్ ట్రోండ్లే బృందం సందర్శకుల చేతికి సెన్సార్ల గ్లవ్ తొడిగి గుండె వేగం, చర్మంలోని మార్పులు నమోదు చేసింది. మాట్లాడుకుంటూ తిరిగేవాళ్ల కన్నా ఒంటరిగా వచ్చినవాళ్ల మీద చిత్రాలు ఎక్కువ ముద్ర వేస్తున్నాయని వాళ్లకు కనిపించింది. ఆయన విషయంలోనూ అదే నిజమవుతుందని అనుకున్నాను.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం ఆయన ఒక్కరే వెళ్లారు, నాకు చెప్పకుండా. సాయంత్రం లిఫ్టులో కనిపించినప్పుడు చెప్పారు. మొదట ఏం చేయాలో తోచలేదట, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదట, గడియారం దగ్గర కూడా త్వరగా లేచేశారట. చివరికి బిద్రీ గదిలో పాన్‌దాన్ ముందు నిలబడి తల్లికి ఫోన్ చేశారు. “అమ్మా, సున్నం గిన్నె ఎటు పక్కనుండేది?” అని అడిగితే, ఎందుకని కూడా అనకుండా ఆమె చెప్పడం మొదలుపెట్టిందట. పక్కన నిలబడ్డ ఒక కుటుంబం వినాలని ఆగింది. ఆయన స్పీకర్ ఆన్ చేశారు.